బండి వుంటేనే చమురా? డబ్బాతో నడిచి వచ్చిన రైతు గతి ఏమిటి?

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్ల దారి. ఈ దారిలోనూ, రెండు పట్టణాల చుట్టుపక్కలా పెట్రోలు బంకులకు కొదవ లేదు. లారీ వస్తే పోస్తారు. కారు వస్తే పోస్తారు. ముగ్గురు ఎక్కిన మోటారు సైకిలు వచ్చినా పోస్తారు. చేతిలో డబ్బా పట్టుకుని కాలినడకన వచ్చిన రైతు కనిపిస్తే మాత్రం చాలా బంకుల్లో కుర్రవాడు గొట్టం తీసి కొక్కేనికి తగిలిస్తాడు. బాటిళ్లలో, క్యాన్లలో పెట్రోలు పోయబడదని రాసిన బోర్డు చూపిస్తాడు. చదువు రానివారికి చెయ్యి అడ్డంగా ఊపుతాడు. అంతటితో మాట ముగిసినట్లే.

రైతు అడిగేది షికారుకు కాదు. మందు కొట్టే పంపుకు ఒకటి రెండు లీటర్ల పెట్రోలు, లేదా కాలువ గట్టు మీది ఇంజనుకు అయిదారు లీటర్ల డీజిలు. ఆ రెండూ బంకు దాకా నడిచి రాగల వస్తువులు కావు. కొందరు గడుసువారు మందు పంపునే వీపున తగిలించుకుని బంకుకు వచ్చి, ఇదీ ఇంజనే గదా, దీనికీ ట్యాంకు వుంది గదా, పోయవయ్యా అని వాదిస్తారు. వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ కాలువ మీది డీజిలు ఇంజనును వీపున మోసుకు రాగల మొనగాడు ఈ తాలూకాలలో ఇంకా పుట్టలేదు.

పశ్చిమ ప్రాంతపు సేద్యం సంగతి తెలియనివారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. తుంగభద్ర దిగువ కాలువ నీరు పై భాగాలు దాటి చివరి భూములకు చేరేసరికి సన్నగిల్లిపోతుంది. పారకంగా రాని నీటిని ఇంజను పెట్టి ఎత్తి పోసుకోవలసిందే. వంతు వచ్చిన రోజున ఇంజను ఆడకపోతే ఆ తడి పోయినట్లే. బుడ్డలకు ఊడ దిగే వేళ, మిరపకు పూత నిలిచే వేళ ఒక తడి తప్పితే తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా పోయింది తిరిగిరాదు. మందు సంగతీ అంతే. పత్తిలో గులాబీ పురుగు, మిరపలో తామర పురుగు రైతు తీరిక చూసి రావు. 2021-22లో నల్ల తామర పురుగు రాష్ట్రమంతటా మిరప తోటలను ఎట్లా ఊడ్చిపెట్టిందో చూచినవారు, రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందని అడగరు. గాలి లేని పొద్దున గానీ, ఎండ దిగిన సాయంత్రం గానీ మందు కొట్టాలి. ఆ పూట పెట్రోలు దొరకకపోతే కూలీలు వచ్చి గట్టున కూర్చుంటారు. కూలి మాత్రం ఇవ్వక తప్పదు.

నిబంధన ఊరికే పుట్టలేదు

బంకు యజమానులను తిట్టడం తేలిక. కానీ వారి భయం ఉత్తుత్తి భయం కాదు. 2019 నవంబరు 4వ తేదీన హైదరాబాదు శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి సజీవ దహనం చేశారు. అదే నెల చివర శంషాబాదు వద్ద ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరంలోనూ నిందితులు సీసాలో కొన్న పెట్రోలే వాడారు. ఆ తర్వాత సీసాలలో పోయరాదని పోలీసులు బంకులను గట్టిగా హెచ్చరించారు. 2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగు జరిగిన తర్వాత పల్నాడు, తాడిపత్రి ప్రాంతాలలో హింస చెలరేగింది. జూన్ 4న ఓట్ల లెక్కింపు వుండగా సీసాలలో, డబ్బాలలో చమురు అమ్మితే లైసెన్సుకే ముప్పు అని బంకులకు మళ్లీ తాఖీదులు వెళ్లాయి. ఎన్నికలు ముగిశాయి, లెక్కింపు ముగిసింది. బోర్డులు మాత్రం చాలాచోట్ల గోడ మీదనే వుండిపోయాయి. ఒకసారి ఎక్కిన బోర్డును దింపమని ఎవరూ చెప్పరు, దింపే ధైర్యం ఎవరికీ వుండదు.

ప్లాస్టిక్ సీసా విషయంలో ఇంకొక కారణం వుంది. గొట్టం గుండా చమురు జోరుగా పారుతున్నప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. ఇనుప డబ్బా నేల మీద వుంటే ఆ విద్యుత్తు నేలలోకి దిగిపోతుంది. ప్లాస్టిక్ సీసాలో దిగేందుకు దారి లేదు. చిన్న నిప్పురవ్వ చాలు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు గనుక పైకి ఎగిరిపోక నేల వెంబడి పాకుతుంది. పది అడుగుల అవతల బీడీ కాల్చేవాడి దగ్గరకూ అది చేరగలదు. కనుక మంచినీళ్ల సీసాలో, శీతలపానీయపు సీసాలో పెట్రోలు పోయనన్న బంకు కుర్రవాడు తప్పు చేయడం లేదు. అతడు తన ప్రాణమూ, అడిగినవాడి ప్రాణమూ కాపాడుతున్నాడు.

అయితే ప్లాస్టిక్ సీసాకు చెప్పే కారణం ఇనుప డబ్బాకు వర్తించదు. పెట్రోలుకు చెప్పే కారణం డీజిలుకు అదే మోతాదులో వర్తించదు. బంకుల వద్ద ఈ తేడా చూసేవారు లేరు. చేతిలో ఏ పాత్ర వున్నా, అడిగేది ఏ చమురైనా, బండి లేకపోతే ఒకటే జవాబు.

చట్టం ఏమంటున్నది?

1934 నాటి పెట్రోలియం చట్టం ఈనాటికీ అమలులో వుంది. మంటకు లొంగే గుణాన్ని బట్టి చట్టం చమురులను తరగతులు చేసింది. 23 డిగ్రీల లోపు వేడిలోనే అంటుకునే ఆవిరి విడిచేది ఎ తరగతి. పెట్రోలు అందులోది. 23 మొదలు 65 డిగ్రీల లోపున ఆ స్థితికి వచ్చేది బి తరగతి. డీజిలు అందులోది.

అమ్మకానికి కాక సొంత వాడకానికి అయితే 30 లీటర్ల దాకా పెట్రోలును లైసెన్సు లేకుండా దగ్గర వుంచుకోవచ్చునని ఆ చట్టంలోని 8వ సెక్షను చెబుతున్నది. గాజుదో, జాడీయో అయితే పాత్ర ఒక లీటరుకు మించరాదు. లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించరాదు. మూత గట్టిగా బిగించి వుండాలి. ప్లాస్టిక్ మాట ఆ సెక్షనులో లేనే లేదు. 9వ సెక్షను ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒకచోట పాతి నడిపే ఇంజను గలవారు ఆ ఇంజను కోసం ట్యాంకులో వున్నది కాక మరో 100 లీటర్ల దాకా వుంచుకోవచ్చునంటున్నది. 30 లీటర్లు దాటితే మనుషులు మసలే గదికి సంబంధం లేని విడి చోట పెట్టాలి. డీజిలు విషయంలో 7వ సెక్షను ఇచ్చిన మినహాయింపు 2,500 లీటర్ల దాకా వుంది.

చట్టం రాసినవారి కళ్ల ముందు కాలువ గట్టు మీది ఇంజను వుందో లేదో గానీ, రాసిన మాటలు మాత్రం మన రైతుకు అతికినట్లు సరిపోతాయి. ఇంజను గలవాడికి డబ్బాలో చమురు వుంచుకునే వీలు చట్టం కల్పించింది. ఆ డబ్బాలోకి చమురు రావలసిన చోట బోర్డు అడ్డం నిలిచింది. ఇంటిలో వుంచుకోవచ్చు, ఇంటికి తెచ్చుకునే దారి మాత్రం లేదు. ఈ మడతపేచీని విప్పవలసినది బంకు కుర్రవాడు కాడు, అధికారులే.

ప్రమాదం పోయిందా, ఊరికి వచ్చిందా?

బంకులో పోయకపోతే రైతు సేద్యం మానుకుంటాడా? మానుకోడు. మోటారు సైకిలు వున్న పొరుగువాడిని బతిమాలి, అతని ట్యాంకు నింపించి, ఊరికి వచ్చాక గొట్టం పెట్టి నోటితో పీల్చి తీస్తారు. ఇది పల్లెల్లో రోజూ కనిపించే తంతు. ఒక గుక్క పెట్రోలు పొరపాటున ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించరాదని, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని వైద్యులు చెబుతారు. కానీ పల్లెలో మొదట చేసేది ఉప్పునీళ్లు తాగించి కక్కించడమే.

రెండో దారి కిరాణా కొట్టు. ఈ ప్రాంతంలోనే కాదు, ఏ జిల్లాలో చూచినా పల్లెల్లో కొట్టు ముందు బల్ల మీద సీసాలలో పెట్రోలు నిలబెట్టి వుంటుంది. పక్కనే బీడీ కట్టలు, అగ్గిపెట్టెలు, పిల్లలు కొనుక్కునే మిఠాయి. బంకు ధర మీద ఎంతో కొంత వేసుకుని అమ్ముతారు. బంకులో అయితే కొలత మీద అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో చూపించమనవచ్చు. కల్తీ అనుమానం వస్తే వడపోత కాగితం అడగవచ్చు. అవి వినియోగదారుని హక్కులు. కొట్టు దగ్గర ఏ హక్కూ లేదు. సీసా ఎంత నిండితే అంతే లీటరు. పైపెచ్చు 8వ సెక్షను మినహాయింపు అమ్మకానికి వర్తించదు గనుక ఈ వ్యాపారం చట్టవిరుద్ధం కూడాను.

ఈ సీసాలు ఎక్కడ నిండుతున్నాయి? ఏదో ఒక బంకులోనే గదా. ఒక లీటరు అడిగిన రైతుకు బోర్డు చూపించే చోట, ఎక్కువ మొత్తంలో తీసుకుపోయే వ్యాపారికి ఎట్లా అందుతున్నదో అధికారులు ఆరా తీయాలి. నిబంధన వల్ల ప్రమాదం తగ్గలేదు. మంటలార్పే సాధనాలు, ఇసుక బకెట్లు, తర్ఫీదు పొందిన మనుషులు వున్న బంకు నుంచి, ఏ రక్షణా లేని ఊరి నడిబజారుకు అది చేరింది. ఇక చెడ్డ బుద్ధి గలవాడి మాటకు వస్తే, వాడికి మోటారు సైకిలు వుండనే వుంటుంది. ట్యాంకు నింపుకుని పోయి ఎక్కడ కావాలంటే అక్కడ తీసుకుంటాడు. బోర్డు వాడిని కొంత ఆలస్యం చేయగలదేమో గానీ ఆపలేదు. పూర్తిగా ఆగిపోయేది బండి లేని రైతు ఒక్కడే.

అమెరికాలో ఒక కిటికీ కథ

కాలినడకన వచ్చినవాడిని తిప్పి పంపే నిబంధన మన బంకులకే పరిమితం కాదు. అమెరికాలో డ్రైవ్ త్రూ అనే ఏర్పాటు వుంది. ఫలహారశాల గోడకు ఒక కిటికీ వుంటుంది. కారు దిగకుండానే అక్కడ డబ్బిచ్చి పొట్లం తీసుకుని పోవచ్చు. మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఇటువంటి కిటికీని మొదట 1975లో ఆరిజోనా రాష్ట్రంలోని సియెర్రా విస్టా పట్టణంలో తెరిచింది. పక్కనే ఫోర్ట్ వాచూకా సైనిక స్థావరం వుంది. పని దుస్తుల్లో వున్న సైనికులు బయట కారు దిగరాదని అప్పట్లో నియమం. దిగలేని వారికి అన్నం అందించాలని పెట్టిన కిటికీ అది.

కాలక్రమేణా అదే కిటికీ కారు లేనివారికి మూతపడింది. కార్ల వరుసలో మనిషి నిలబడితే ప్రమాదమని, నడిచి వచ్చినవారికి అక్కడ ఇవ్వరాదని నియమం పెట్టారు. పగటిపూట లోపలికి వెళ్లి కొనుక్కోవచ్చు గనుక ఇబ్బంది లేదు. రాత్రి పొద్దుపోయాక లోపలి హాలు మూసి, కిటికీ ఒక్కటే తెరిచి వుంచినప్పుడు చిక్కు వచ్చింది. కారు నడపలేని ఒక అంధుడు 2016లో దీని మీద కోర్టుకు ఎక్కాడు. 2020లో కరోనా కాలాన హాళ్లు మూతపడి కిటికీలే మిగిలినప్పుడు కారు లేని పేదలు డబ్బు చేతిలో పట్టుకుని కూడా వెనుదిరిగారు. కారు లేకపోయినా స్టీరింగు తిప్పుతున్నట్లు చేతులు ఆడిస్తూ వరుసలో నడిచి పోయిన చిలిపివారూ అక్కడ వున్నారు. మందు పంపు వీపున వేసుకుని బంకుకు వచ్చిన మన రైతు వారికి వరసకు అన్నగారే అవుతాడు.

పోర్ట్‌ల్యాండ్ అనే నగరం దీనికి ఒక దారి చూపింది. కొత్తగా కట్టే ఇటువంటి దుకాణాలు, కార్లకు అమ్ముతున్నంత సేపూ నడిచి వచ్చినవారికీ, సైకిలు మీద వచ్చినవారికీ కూడా అమ్మాలని ఆ నగరం కట్టడాల నిబంధనలలో చేర్చింది. ఆ కిటికీ దగ్గరే ఇవ్వాలని పట్టుబట్టలేదు. వేరే తలుపు దగ్గర ఇచ్చినా సరే. ప్రమాదం వుంటే చోటు మార్చమన్నారు గానీ మనిషిని పొమ్మనలేదు.

ఆడవారి కష్టం వేరు

ఈ ప్రాంతపు వలస సంగతి అందరికీ విదితమే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి సుగ్గికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు కుటుంబాలు బయలుదేరతాయి. మగవారు బెంగుళూరు పనులకు పోతారు. ఇంట్లో మోటారు సైకిలు వుంటే అది కూడా వారి వెంటే పోతుంది. ఊరిలో మిగిలేది ఆడమనిషి, ముసలివారు, ఎకరమో రెండెకరాలో పైరు. చివరి తడి పెట్టవలసినదీ, ఇంజనుకు డీజిలు తేవలసినదీ ఆమే. పొరుగువాడిని బండి అడగాలంటే మొహమాటం. అడిగితే అతనికి ట్యాంకు నింపించాలి, ఆపై ఇంకేదో మాట పడాలి. డబ్బా పట్టుకుని తానే బంకుకు పోతే బోర్డు. సాయంత్రానికి కొట్టు దగ్గర ఎక్కువ ధర పెట్టక తప్పదు.

ఇక్కడ రైతుల వైపు నుంచి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. బంకులో పోసినా తీసుకుపోవడం ఎట్లా? ఆర్టీసీ బస్సులో మంటలంటుకునే సరుకు ఎక్కించరు. రైలులో తీసుకుపోవడం రైల్వే చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. కోసిగి వైపు పోయేవారికి రైలు అందుబాటులో వున్నది గదా అని డబ్బా చీరకొంగు చాటున పెట్టుకుని ఎక్కితే బోగీ మొత్తానికి ముప్పు. పదిమంది కిక్కిరిసిన షేరు ఆటోలో కాళ్ల మధ్య పెట్రోలు డబ్బా పెట్టుకోవడం అంతకంటే మంచిదేమీ కాదు. కనుక పట్టణంలో డబ్బాలు నింపించినంత మాత్రాన సమస్య తీరదు. ఊరికి దగ్గరలో, నడిచో ఎద్దుల బండి మీదో పోయి రాగల దూరంలో చమురు దొరకాలి.

దారి లేకపోలేదు

ఇండియన్ ఆయిల్ సంస్థ తన పల్లె బంకులకు కిసాన్ సేవా కేంద్రాలని పేరు పెట్టింది. పేరులో కిసాన్ వుంది. ఆ పేరుకు తగినట్లు పల్లె బంకుల్లోనైనా రైతు డబ్బాకు ఒక ఏర్పాటు చేయించడం కష్టం కాదు. అదే సంస్థ 2018లో పుణె నగరంలో డీజిలును వాహనం మీద పెట్టి కొనుగోలుదారుని ముంగిటికే పంపే పద్ధతి మొదలుపెట్టింది. జనరేటర్లు వున్న పెద్ద భవనాలకు, ఆసుపత్రులకు, పరిశ్రమలకు అది సౌకర్యం. ట్యాంకర్లతో కొనేవాడి ఇంటికి బంకే నడిచి పోతుంటే, అయిదు లీటర్లు కొనేవాడు బంకుకు నడిచి వచ్చినా దొరకడం లేదు. ఆ వాహనాన్ని మందు కొట్టే రోజుల్లో వారానికి ఒకసారి కాలువ గ్రామాలకు తిప్పితే డీజిలు బాధ చాలావరకు తీరుతుంది.

పెట్రోలు విషయంలో రైతులు గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. సీసా వద్దు, ప్లాస్టిక్ వద్దు. గట్టి మూత వున్న ఇనుప డబ్బా తెస్తారు. పట్టాదారు పాసుపుస్తకమో, కౌలు కార్డో, ఆధార్ కార్డో చూపిస్తారు. పేరు, ఊరు, ఎన్ని లీటర్లు అన్నది బంకులో ఒక పుస్తకంలో రాసుకోవచ్చు. కౌలురైతుకు కార్డు లేకపోతే ఊరి రైతు సేవా కేంద్రం సిబ్బంది ఒక చీటీ రాసి ఇవ్వవచ్చు. ఎవరి పొలంలో ఏ పైరు వుందో వారికి ఎటూ తెలుసు. వాహనాల వరుసకు ఎడంగా ఒక చోట, డబ్బాను నేల మీద పెట్టి, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పోస్తే బంకు పనికి అంతరాయం వుండదు. ఊరిలో గొడవలు వున్న రోజుల్లో పోలీసులు ఆపమంటే ఆపవచ్చు. ఆ ఆంక్ష ఎప్పుడు ముగుస్తుందో తేదీ మాత్రం వేయాలి. తేదీ లేని ఆంక్ష వల్లనే 2024 నాటి బోర్డులు ఇంకా వేలాడుతున్నాయి.

బంకు పెట్టేందుకు నిరభ్యంతర పత్రం ఇచ్చేది జిల్లా అధికార యంత్రాంగమే. కనుక ఈ విషయం మా పరిధిలోది కాదని కలెక్టరు కార్యాలయం తప్పించుకోవడానికి వీలు లేదు. బంకు యజమానులు కూడా రాతపూర్వకమైన ఉత్తర్వు ఇస్తే పోయడానికి వెనుకాడవలసిన అవసరం వుండదు. వారి భయమల్లా రేపు ఏదైనా జరిగితే తమ మెడకు చుట్టుకుంటుందనే.

దిగువ కాలువకు నీరు వదిలేలోగా ఆదోని డివిజను అధికారులు బంకుల యజమానులను, చమురు సంస్థల ప్రతినిధులను, వ్యవసాయ, పోలీసు శాఖల వారిని ఒకచోట కూర్చోబెట్టి, ఏ పాత్రలో ఎన్ని లీటర్లు ఏ వేళల్లో పోయాలో తెలుగులో రాసి ప్రతి బంకులోనూ పెట్టించాలి. ఆ కాగితాన్ని ఇప్పుడున్న బోర్డు పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో అంటించాలి.